గోల్ లేని గోల

మా పెద్ద మేనల్లుడు ఇటలీలోని టూరిన్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. మొన్న సెలవలకు వస్తూ మా అందరికీ చాక్లెట్లు, వాళ్ళమ్మకు ఒక స్కార్ఫు, తమ్ముడికి మాత్రం అక్కడి ఫుట్‌బాల్ లీగ్ స్టిక్కర్ల ప్యాకెట్లు ఓ గుప్పెడు తెచ్చాడు. పనీనీ కంపెనీవి. ప్రతి ప్యాకెట్ మీదా ఒకటే బొమ్మ. ఒక మనిషి గాల్లో వెల్లకిలా పడుకుని, కాలు ఆకాశానికెత్తి, తన తల మీదుగా బంతిని తన్నుతున్నాడు.

"ఏం గోల్ మామయ్యా!" అన్నాడు చిన్నవాడు.

"గోల్ కాదురా. గోల్ పడకుండా ఆపుతున్నాడు. ఆయన డిఫెండర్."

వాడు ప్యాకెట్‌ను తలకిందులు చేసి కూడా చూశాడు. "మరి గోల్ కానప్పుడు బొమ్మెందుకు వేశారు?"

ఎనిమిదేళ్ళ వెధవ. ఫుట్‌బాల్ పండితులు వందేళ్ళుగా తిప్పి తిప్పి రాస్తున్నదాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు. గోల్ కొట్టనివాడికి బొమ్మెందుకు? వాణ్ని ఏమీ అనలేదు, వాళ్ళమ్మ పక్కనే ఉంది. అందుకని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ బొమ్మలో ఉన్నది కార్లో పరోలా. 1921లో టూరిన్‌లోనే పుట్టాడు. 1939 నుంచి 1954 దాకా ఆ ఊరి యువెంటస్ క్లబ్బు డిఫెన్స్ నడిబొడ్డున నిలబడి 300కు పైగా మ్యాచ్‌లాడాడు. 1950 జనవరి 15న, ఇక్కడ మనవాళ్ళు సంక్రాంతి గాలిపటాల కోసం మెడలు పైకెత్తుకుని తిరుగుతున్న రోజుల్లో, ఫ్లోరెన్స్‌లో ఫియోరెంటీనాతో మ్యాచ్. 80వ నిమిషం. బంతి గాల్లోంచి అవతలి జట్టు ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టే పనిలో ఉన్న పాండోల్ఫీనీ వైపు దిగుతోంది. పరోలా ఎగిరి, గాల్లోనే నులక మంచం వాల్చుకున్నట్టు పడుకుని, బంతి వచ్చిన దారినే దాన్ని వెనక్కి తన్నేశాడు. మైదానం అంచున కెమెరా పట్టుకుని కూర్చున్న కొర్రాడో బాంకి అనే ఫొటోగ్రాఫర్ సరిగ్గా అప్పుడే క్లిక్‌మనిపించాడు. మ్యాచ్ 0-0గా ముగిసింది.

మళ్ళీ చదవండి. సున్నా, సున్నా. ఇటలీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసిన బొమ్మ, ఎవరూ గోల్ కొట్టని మ్యాచ్‌లోది. ఆ ఏడు యువెంటస్ లీగ్ గెలిచింది కాబట్టి గోల్స్ బోలెడు పడే ఉంటాయి. అవి కొట్టిన కాళ్ళలో ఒక్కటీ ఏ ప్యాకెట్ మీదికీ ఎక్కలేదు. ఒక డిఫెండర్‌కు దక్కిన ఏకైక విజయం ఇది. దాన్ని కూడా జనం గోల్ అనే అనుకుంటున్నారు.

ఈ అన్యాయాన్ని నలుగురి దృష్టికీ తీసుకెళ్దామని ఆ ప్యాకెట్ ఫొటో తీసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడ చేసిన తప్పు అది.

పదిహేను నిమిషాల్లో మూడో అంతస్తు మాస్టారు స్పందించారు. ఆయన ప్యాకెట్ మీద కంపెనీ పేరు మాత్రమే చదివారు. "అష్టాధ్యాయి రాసిన పాణిని మహర్షి పేరు మీద ఇటలీలో కంపెనీ! విదేశీయులకున్న గౌరవం మనకు లేకపోవడం బాధాకరం." కింద పదకొండు దండాలు. వాటికింద యోగా నేర్పే మేడమ్ ఆ భంగిమను పరీక్షించి, ఇది హలాసనానికి ముందు దశ అనీ, శ్వాస మాత్రం తప్పుగా తీసుకుంటున్నాడనీ తేల్చారు. సెక్రటరీ గారు మెయింటెనెన్స్ బకాయిల జాబితా మధ్యలో ఆపి మరీ వచ్చి, "ప్యాకెట్లో స్టిక్కర్లు ఎనిమిదేనా? అష్టాధ్యాయికి అధ్యాయాలెనిమిది" అని అడిగారు. లెక్కపెట్టి ఎనిమిది లేవన్నాను. "అయితే మిగతావి బ్రిటిష్ వాళ్ళు ఎత్తుకుపోయుంటారు" అన్నారు.

నేను ఓపిగ్గా సమాధానం రాశాను. అయ్యా, పనీనీ అన్నది ఇంటిపేరు. మోడెనా ఊళ్ళో పేపర్లమ్మే బడ్డీకొట్టు నడుపుకునే కుటుంబం, ఆ అన్నదమ్ములు 1961లో పెట్టిన స్టిక్కర్ల కంపెనీ ఇది. వ్యాకరణానికీ దీనికీ సంబంధం లేదు. బొమ్మలోని ఆయన పేరు పరోలా. అక్కడితో ఊరుకోవాల్సింది. చదువుకున్నవాడికి నోరూరుకోదు కదా, "ఇటాలియన్‌లో పరోలా అంటే మాట, పదం అని అర్థం" అని కూడా రాసిపెట్టాను.

గ్రూపు ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత మాస్టారు: "పాణిని ప్యాకెట్ మీద పదం! ఇంకా ఏం రుజువు కావాలి?"

రాత్రికల్లా ఆ సందేశం మూడు గ్రూపులు తిరిగి, నా పేరుతోనే, "ఇటాలియన్ భాషా నిపుణులు ధృవీకరించారు" అన్న ముక్క తగిలించుకుని నా దగ్గరికే వచ్చింది. ఎవరో తెలియని పెద్దాయన కింద ప్రశ్న వేశారు: "చాలా బాగుంది. ఇంతకీ ఆ పదం గారు కొట్టిన గోల్‌తో మ్యాచ్ గెలిచారా?"

సరే. పరోలా పేరు గోల్ కొట్టినవాళ్ళ వరసలో ఎక్కిన ఒక పెద్ద మ్యాచ్ ఉంది. 1947 మే 10న గ్లాస్గోలో, హాంప్డెన్ పార్క్‌లో. యుద్ధం తర్వాత బ్రిటన్ సంఘాలు మళ్ళీ ఫిఫాలో చేరిన సందర్భంగా గ్రేట్ బ్రిటన్‌కూ మిగతా యూరప్‌కూ పోటీ పెట్టారు. లక్ష మందికి పైగా జనం. యూరప్ మొత్తం వెతికి ఏరిన జట్టులో ఇటలీ నుంచి పరోలా ఉన్నాడు. బ్రిటన్ 6-1తో గెలిచింది. ఆ ఆరింటిలో ఒకటి పరోలా సెల్ఫ్ గోల్. చిత్తుగా ఓడిన ఆ జట్టులో బాగా ఆడినవాడు అతనేనని పేరొచ్చి, ఇంటికొచ్చాక "యూరప్ కార్లెత్తో" అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆ మధ్యాహ్నం ఎన్ని బంతులు ఆపాడో ఏ రికార్డు పుస్తకంలోనూ లేదు. ఆపలేక తన వలలోకే పంపిన ఒక్కటి మాత్రం పేరుతో సహా భద్రంగా ఉంది. ఆస్తి రాసివ్వడానికి దస్తావేజు లేదు గానీ అప్పు చీటీ మాత్రం స్టాంపు పేపరు మీద రాయించుకున్నారు.

ఆ మర్నాడే టూరిన్‌లో ఇటలీ హంగరీని 3-2తో ఓడించింది. ఇటలీ పదకొండు మందిలో పదిమంది పరోలా సొంతూళ్ళోని పోటీ జట్టు టొరీనో వాళ్ళే. రెండేళ్ళకు, 1949 మే 4న, ఆ టొరీనో జట్టు ఎక్కిన విమానం సుపెర్గా కొండను గుద్దుకుంది. అందులో ఒక్కరూ బతకలేదు.

దాని భయంతోనే 1950 వరల్డ్ కప్‌కు ఇటలీ జట్టు విమానం వద్దనుకుని ఓడలో బ్రెజిల్ వెళ్ళింది. పరోలా కూడా ఉన్నాడు. డెక్కు మీద ప్రాక్టీసు చేస్తుంటే తెచ్చుకున్న బంతులన్నీ ఒక్కొక్కటే సముద్రంలో పడిపోయాయని కథ చెప్పుకుంటారు. నాకీ కథలో నచ్చేది ఏమిటంటే, ఆ బంతుల్ని సముద్రంలోకి తన్నినవాళ్ళు ఫార్వర్డులే అయ్యుంటారు. తల మీదుగా వెనక్కి తన్ని అట్లాంటిక్ నుంచి కాపాడే మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడు మాత్రం ఎన్నిటికని ఎగురుతాడు? ఇంకో ముచ్చట. ఆ వరల్డ్ కప్‌లో ఇటలీ ఆడాల్సిన గ్రూపులో స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో పాటు నాలుగోది మన భారతదేశం. మనవాళ్ళు వెళ్ళలేదు. వెళ్ళుంటే పరోలా మన ఫార్వర్డుల బంతుల్ని కూడా ఆపేవాడు, మనం కూడా గుర్తు పెట్టుకునేవాళ్ళం కాదు. సావో పావ్‌లోలో స్వీడన్ చేతిలో 3-2తో ఓడి ఇటలీ గ్రూపు దశలోనే ఆగిపోయింది. పరోలా దేశం తరఫున ఆడినవి మొత్తం 10 మ్యాచ్‌లు.

తర్వాత యువెంటస్‌కే కోచ్‌గా వచ్చి 1975లో లీగ్ గెలిపించాడు. మరుసటేడు అయిదు పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని టొరీనోకు టైటిల్ వదిలేశాడు. సుపెర్గా తర్వాత టొరీనోకు అదే మొదటి టైటిల్. ఆయన్ను పంపించేసి కోచ్‌గా ట్రపటోనిని తెచ్చారు. పొగతాగే మనిషి, ఫ్రెంచి సిగరెట్ల పేరే ముద్దుపేరైంది. 2000 మార్చిలో పోయాడు. ఎవరు గుర్తు చేసుకున్నా "సిన్యోర్ రొవెషాటా", అంటే తలకిందుల తన్ను గారు, అనే గుర్తు చేసుకుంటారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం మానేస్తుంది.

పదిహేనేళ్ళు. ఆ పదిహేనేళ్ళూ వారం వారం అతను చేసింది ఒకటే పని, రావాల్సిన ప్రమాదం రాకుండా చూడటం. కాళ్ళు నేల మీద పెట్టి, ఫార్వర్డ్ కన్నా అర అడుగు ముందు నిలబడి, బంతి ఎక్కడికొస్తుందో ముందే తెలుసుకుని. నిజానికి డిఫెండర్ అంత చక్కగా నిలబడితే ఎగరాల్సిన పనే ఉండదు. అలా ఎగరకుండా ఆపిన వందల బంతులకు ఫొటోల్లేవు. ఒక్కసారి గత్యంతరం లేక ఫార్వర్డ్ లాగా గాల్లోకి లేచాడు. అప్పుడు కనిపించాడయ్యా మీ కళ్ళకు! ఆపినవాడు కొట్టినవాడిలా కనిపిస్తే తప్ప మీరు వాడి మొహం చూడరు. ఏటా మేటి ఆటగాడికని బాలన్ డోర్ అనే బహుమతి 1956 నుంచి ఇస్తున్నారు. మగ ఆటగాళ్ళలో ఇప్పటికి డిఫెండర్లు ముగ్గురే గెలిచారు, బెకెన్‌బావర్, జామర్, కన్నవారో. మిగతా ఇటలీ డిఫెండర్లలో ఫక్కెట్టి 1965లో రెండో స్థానం. బరేసి 1989లో రెండో స్థానం. మాల్దీని రెండుసార్లు మూడో స్థానం. ఇదీ తలుపు గడియ అన్న మాటతో, కతెనాచ్చో అని, గోల్ పడనివ్వని ఒక ఆటతీరుకే పేరు పెట్టుకున్న దేశం పరిస్థితి. రాత్రి గడియ సరిగ్గా పడింది కాబట్టే దొంగ రాలేదు. పొద్దున లేచి గడియకు దండ వేసినవాణ్ని ఒక్కణ్ని చూపించండి. దొంగను పట్టుకున్నవాడికి మాత్రం టీవీలో అరగంట. సిగ్గుండాలి మనకు. జరగనిదానికి రీప్లే ఉండదని తెలిసీ, ఎవడో ఆపాడు కాబట్టే అది జరగలేదని ఒక్క క్షణం ఆలోచించలేమా?

కాబట్టి నేను ఫిఫాకు ఒక ప్రతిపాదన పంపుతున్నాను. ఇకనుంచి స్కోరు బోర్డు మీద పడిన గోల్స్‌తో పాటు పడనివ్వని గోల్స్ కూడా వెయ్యాలి. ఫ్లోరెన్స్ మ్యాచ్‌ను ఆ లెక్కన సవరించాలి. మా మాస్టారు దీన్ని సంస్కృతంలో రాసిపెడతానన్నారు, వద్దన్నాను.

నిన్న సాయంత్రం సెల్లార్లో పిల్లలు డూప్లికేట్ స్టిక్కర్లు మార్చుకుంటున్నారు. ఆగి చూశాను. రేటు బహిరంగంగానే ఉంది: ముగ్గురు డిఫెండర్లిస్తే ఒక ఫార్వర్డ్. పేరున్న ఫార్వర్డయితే అయిదుగురు, పైన ఒక చాక్లెట్. గోల్‌కీపర్‌నైతే ఊరికే ఇచ్చినా తీసుకోవడం లేదు.

మా చిన్నవాడు జేబులోంచి ఆఖరి ప్యాకెట్ తీశాడు. పళ్ళతో ఒక మూల కొరికి, సర్రున చింపాడు. చిరుగు సరిగ్గా మధ్యనుంచి పోయింది. పరోలా కాలూ బంతీ ఒక ముక్కలో, మిగతా మనిషి ఇంకో ముక్కలో. రెండూ స్కూటర్ల కింద పడ్డాయి.

"ఛ," అన్నాడు వాడు, లోపలున్నవాళ్ళను చూసి. "అందరూ డిఫెండర్లే."