16వ కీర్తన మీద అరుచుకునే ముందు పేతురు ఏమన్నాడో చదవండి

ఈస్టర్ వస్తే చాలు, కీర్తన 16:10 బయటికొస్తుంది: "నీ పరిశుద్ధుని కుళ్లుపట్టనియ్యవు." యేసు పునరుత్థానాన్ని వెయ్యేళ్ల ముందే చెప్పేశారంటూ ఒక వర్గం, సందర్భం పీకేసి అతికించారంటూ ఇంకో వర్గం. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం మాత్రం ఇద్దరికీ అక్కర్లేదు.

అక్కడ యేసు శిష్యుడు పేతురు జనం ముందు ప్రసంగిస్తూ ఊరికే ఈ వచనం విసిరి ఊరుకోలేదు, వాదన కట్టాడు. కీర్తనలో "నేను" అంటున్నది దావీదు. దావీదేమో చనిపోయాడు, పాతిపెట్టారు, సమాధి యెరూషలేములోనే ఉంది, వింటున్నవాళ్లకూ తెలుసు. అంటే ఆ మాట దావీదుకు చెల్లలేదు. కానీ అతను ప్రవక్త. అతని సంతానాన్ని సింహాసనం ఎక్కిస్తానని దేవుడు ప్రమాణం చేశాడు (ఇది కీర్తన 132:11 నుంచి). కాబట్టి ఆ "నేను" మెస్సీయ, అంటే యూదులు ఎదురుచూసిన రాజు, క్రీస్తు. ఆ పైన కీర్తన 110:1 తెచ్చాడు: "నా కుడి పార్శ్వమున కూర్చుండుము." దావీదు పరలోకానికి ఎక్కలేదు కదా, మరి కూర్చున్నదెవరు? 16:8లోనూ కుడి పార్శ్వమే. ఒకే మాటున్న రెండు వచనాలను జతచేసి చదవడం యూదు బోధకులకు కొత్తేమీ కాదు.

దావీదును ప్రవక్తనడం కూడా క్రైస్తవులు పుట్టించింది కాదు. మృత సముద్రం దగ్గరున్న కుమ్రాన్‌లో, 11వ గుహలో దొరికిన పాత యూదు కీర్తనల చుట్ట అతను 4,050 పాటలు రాశాడని, అన్నీ ప్రవచనంగానే పలికాడని అంటుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ వాదన పునరుత్థానాన్ని నమ్మినవాడి నోట్లోంచే వస్తుంది. "దేవా, నీ శరణుజొచ్చియున్నాను, నన్ను కాపాడుము" అని మొదలయ్యే ప్రార్థనను విడిగా చదివితే, చావు నుంచి కాపాడమనే మొర వినిపిస్తుంది, సమాధిలోంచి లేవడం కాదు. ముందు ఖాళీ సమాధి, తర్వాతే కీర్తన. దీన్ని తలకిందులు చేసి "రుజువు" అని అమ్మడమే నాకు నచ్చనిది.

తర్వాతివాళ్లకు పేతురుకున్న ఓపిక లేదు. "నేను పండుకొని నిద్రపోయి మేలుకొందును" (కీర్తన 3:5) కనబడగానే తొలినాటి క్రైస్తవ రచయితలు రోమా క్లెమెంటు, 2వ శతాబ్దంలో జస్టిన్ పునరుత్థానానికి వాడేశారు. ఆ కీర్తన శీర్షికేమో అబ్షాలోముకు భయపడి పారిపోయినప్పటిదని చెబుతోంది! జస్టిన్ ఇంకో అడుగు వేసి, కీర్తన 96:10లోంచి "మ్రాను మీదనుండి" (అతని లెక్కలో సిలువ) అన్న మాటను యూదులే తీసేశారన్నాడు. హీబ్రూలో అది అసలు లేనే లేదు.

ఈ ధోరణికి పగ్గం వేసినవాడు మొప్సువెస్తియ బిషప్ థియోడోర్ (మరణం 428). నేరుగా క్రీస్తు గురించిన కీర్తనలు నాలుగే అన్నాడు: 2, 8, 45, 110. 16 లేదు, యేసు సిలువ మీద పలికిన మాటలున్న 22 కూడా లేదు. 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన క్రైస్తవ సంఘ మహాసభ అతన్ని ఖండించింది. ప్రధాన కారణం క్రీస్తు స్వభావంపై అతని బోధే అయినా, ఆరోపణల్లో 22వ కీర్తనకు అతను చెప్పిన అర్థమూ ఉంది.