ఎవరికీ రుణపడకుండా బతకడం అంత గొప్పేం కాదు

నాన్న పోయాక ఊళ్ళో బీరువా సర్దుతుంటే ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికింది. అట్టకి నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీ పైన శ్రీరామ. 1998లో అక్క పెళ్ళికి వచ్చిన చదివింపులు. ఎవరు 116, ఎవరు 51, ఎవరు స్టీలు బిందె అన్నీ ఉన్నాయి, ఒకాయన పేరు పక్కన మాత్రం డబ్బులేం లేవు, "రెండు రోజులు వంటల దగ్గర ఉన్నాడు" అని రాసుంది. తర్వాత వాళ్ళిళ్ళల్లో ఏ కార్యానికి మనం ఎంత చదివించామో నాన్న వేరే ఇంకుతో రాసుకున్నారు. 116 వచ్చిన చోటికి 216 వెళ్ళింది, మళ్ళీ అటునుంచి 316 వచ్చింది. లెక్క ఎక్కడా తేలలేదు. తేలకుండా ఉంచుకున్నారేమో అనిపించింది నాకు, తేలిపోతే ఇంక మాటలెందుకు, రాకపోకలెందుకు?

మా తరానికి నేర్పింది దీనికి పూర్తిగా రివర్స్. ఎవరి దగ్గరా చెయ్యి చాచకు, ఎవరికీ రుణపడకు, ఎవర్నీ ఇబ్బంది పెట్టకు. అదే పెద్ద విలువ అనుకుని పెరిగాను. పోయినేడాది మా ఆయనకి డెంగ్యూ వచ్చి ఐదు రోజులు హాస్పిటల్లో ఉంటే మా ఫ్లోర్‌లో ఒక్కళ్ళకి కూడా చెప్పలేదు, పాపని వెంటేసుకుని తిరిగాను, కుర్చీలోనే పడుకోబెట్టాను, పైగా ఎవర్నీ ఏమీ అడగలేదని లోపల గర్వం. తర్వాత తెలిసి ఎదురు ఫ్లాట్ ఆంటీ "ఒక్క మాట చెప్తే పాపని మా ఇంట్లో ఉంచుకునేదాన్ని కదమ్మా, మేం అంత పరాయివాళ్ళమా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది గర్వపడాల్సింది కాదని అప్పుడే అర్థమైంది.

హార్వర్డ్ వాళ్ళు 1938లో మొదలుపెట్టి కొన్ని వందల మంది జీవితాల్ని ముసలితనం దాకా చూస్తూ వచ్చారు, చివరికి తేలింది ఏంటంటే యాభై ఏళ్ళప్పుడు మనుషులతో బాగున్నవాళ్ళే ఎనభైల్లో ఆరోగ్యంగా ఉన్నారట. నాన్న నోట్‌బుక్‌లో ఉన్నదీ అదే కదా.

అలాగని ఊరంటే స్వర్గం అనట్లేదు. ఆ పుస్తకంలో ఏ పేటవాళ్ళ పేర్లు లేవో నాకు కనపడుతూనే ఉంది, చాలా బాధేసింది. పుట్టుకతో వచ్చిన గుంపే కమ్యూనిటీ అయితే అందులో సగంమంది బయటే ఉండిపోతారు. నాకు నమ్మకం కలిగించేది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. 90ల మొదట్లో రాత్రిబడికి వచ్చి అక్షరాలు దిద్దుకుంటూ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు, అది జిల్లాలు దాటి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా వెళ్ళింది. ఆ తర్వాత అదే జిల్లాలో ఆడవాళ్ళు సంఘాలు కట్టుకుని రోజుకో రూపాయి పొదుపు, ఆ సంఘం మీదే అప్పులు. ఒకళ్ళ అప్పుకి ఇంకొకళ్ళు పూచీ ఉండటం అంటే ఎంత ధైర్యమో ఆలోచించండి, ఇవాళ మన అపార్ట్‌మెంట్లలో ఎవరికి ఎవరు ఉంటారు? వాట్సాప్ గ్రూప్‌లో పార్కింగ్ గొడవలు తప్ప!

పోయిన వారం కావాలనే వెళ్ళి ఆంటీ వాళ్ళ తలుపు కొట్టాను, పాలలోకి కాస్త తోడు ఉందా అని. కింద షాపులో కొనుక్కోవచ్చు, తెలుసు. చిన్న గిన్నెలో ఇచ్చింది, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు కాకరకాయ ముక్కలు వేయించి పంపాను. నిన్న పొద్దున్నే ఆవిడే వచ్చింది, "మా పాలు తోడుకోలేదమ్మాయ్, కాస్త తోడుంటే ఇస్తావా?"