మేడ మీద డ్రమ్ము

(విశాఖ కంచరపాలెంలో ఒక మేడ. తమ్ముడు నూనె డ్రమ్మును నిలువునా కోసి, రెండు సగాలనూ పక్కకి జరిపి ఇరుసుకి బిగించాడు. 1920లలో సవోనియస్ అనే ఫిన్లాండు ఇంజినీరు కనిపెట్టిన గాలిమర పద్ధతి. కింద కరెంటు తీసేందుకు తుక్కులో కొన్న మోటారు, పన్నెండు వోల్టుల బ్యాటరీ. అన్న లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.)

అన్న: ఎంతొస్తోందిరా?

తమ్ముడు: సాయంత్రం సముద్రపు గాలి గట్టిగా తగిలితే ఐదు వాట్లు.

అన్న: రాత్రీ పగలూ ఆగకుండా ఐదే వచ్చిందనుకో. నెలకి నాలుగు యూనిట్లు కూడా కావు. ఒక పూట టిఫిన్ డబ్బులు రావు! అదేదో చిన్న సోలార్ పలక కొనుక్కుంటే తిరిగేదీ లేదు, అరిగేదీ లేదు. ఈ ఉప్పుగాలికి నీ డ్రమ్ము జల్లెడైపోద్ది.

తమ్ముడు: తుప్పు మాట నిజమే. సోలార్‌నీ కాదనను, ముడసర్లోవ రిజర్వాయరు నీళ్ల మీద పలకలు తేలేసి రెండు మెగావాట్లు తీస్తున్నారు. కానీ అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురేస్తే పలక పడుకుంటుంది. గాలి అప్పుడే లేస్తుంది. దాని వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు.

అన్న: హుద్‌హుద్ తుఫాను నాటి గాలా? 2014 అక్టోబరు 12న ఇదే మేడ మీంచి నీళ్ల ట్యాంకు లేచి వెనకింటి రేకుల మీద పడింది. ఇది పడితే మనిషి పోతాడు.

తమ్ముడు: హెచ్చరిక రాగానే దించేస్తాను, నాలుగు బోల్టులే. ఆ వారం జనం ఫోన్ ఛార్జింగ్‌కి జనరేటర్ల దగ్గర క్యూ కట్టారు, మర్చిపోయావా?

అన్న: ఛార్జింగ్ పెట్టి ఎవరితో మాట్లాడార్రా? టవర్లే పడిపోయాయి.

తమ్ముడు: దీపమైనా ఉండేది కదా! అమ్మ కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగింది. నాన్న సైకిలు డైనమో ఆరు వోల్టులు, మూడు వాట్లు. పాత బల్బుకి గుడ్డి వెలుగే గానీ, ఎల్‌ఈడీకైతే ఒక గదికి చాలు. ఆ సైకిల్నే అడక్కుండా తుక్కుకేసేశావు.

అన్న: చక్రాలు వంగి రెండేళ్లు గోడకి పడుంది. నువ్వు హైదరాబాదులో ఉన్నావు. ఇల్లు సర్దేదీ నేనే, మాటలు పడేదీ నేనే.

తమ్ముడు: ఒక్క ఫోను చెయ్యొచ్చుగా.

అన్న: సైకిలు గొడవ వదిలెయ్. రేపు నీకు సరదా ఎక్కువై ఇన్వర్టరు పెట్టి ఇంటి వైరింగుకి కలుపుతావు. మెయిన్ తియ్యకపోతే ఆ 230 వోల్టులూ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి 11,000 అవుతాయి. పైన లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన మాలాంటివాడి గతేంటి?

తమ్ముడు: ఆ మాటకి ఎదురు చెప్పను. అందుకే పాప చదువుకునే బల్ల దాకా వేరే తీగ లాగాను. అందులో ఉండేది బ్యాటరీ పన్నెండు వోల్టులే. అన్నయ్యా, బిల్లు తగ్గుతుందని నేనిది చెయ్యలేదు. అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే కరెంటు పుడుతుందని ఫారడే 1831లో కనిపెట్టాడని పాప కంఠతా పట్టింది. నిన్న ఈ మోటారు ఇరుసు దాని చేతికిచ్చాను. తీగలు విడిగా ఉంటే తేలిగ్గా తిరిగింది. రెండు కొసలూ కలిపి తిప్పమన్నాను. లోపల ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుంది. ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది, మళ్లీ తిప్పింది. కరెంటుకి బరువుందని దాని అరచేతికి తెలిసింది. గట్టిగా తొక్కే మనిషి నిలకడగా వంద వాట్లు తీస్తాడని చెప్పాను. "మన ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు కదా, పదిమంది తొక్కాలా నాన్నా?" అంది. నీ టిఫిన్ లెక్కలో ఇదెక్కడుంది?

(అన్న వంగి తీగలు కలిపాడు, ఇరుసు తిప్పాడు. విడదీసి మళ్లీ తిప్పాడు.)

అన్న: మోటారు మంచిదే దొరికింది. పై బేరింగుకి కప్పు లేదేంటి? వాననీళ్లు నేరుగా దిగుతాయి. గ్రీజు పెట్టి ఏదైనా డబ్బా బోర్లించు.