‘ఙ్’: రెండు రోమన్ అక్షరాల వెనక మూడు వంశాలు

మెషీన్ లెర్నింగ్ నేర్చుకున్న తెలుగువాళ్లలో, ఆ పాఠాలతో పేరుపొందిన ఆండ్రూ ఙ్ (రోమన్‌లో Ng) పేరు వినని వారు అరుదు. ఆయన ఇంటిపేరును చాలామంది ‘ఎన్‌జీ’ అని పొడి అక్షరాలుగా చదువుతారు. అచ్చు లేకపోయినా అది పూర్తి పేరే. ‘రంగు’ అనబోయి గు పలక్కముందే ఆగి, గాలిని ముక్కుగుండా వదిలితే ఆ ధ్వని వస్తుంది. దానికి మన వర్ణమాలలో ఙ ఉండనే ఉంది. తెలుగు పత్రికలు ‘ఙ్’ అనే రాయాలి.

ఉచ్చారణ కన్నా పెద్ద చిక్కు మూలాలది. ఆండ్రూ ఇంటిపేరు చైనా అధికార భాష మాండరిన్‌లో ‘వూ’. యాంగ్త్సే నది దిగువన ఉండి, క్రీ.పూ. 473లో కూలిపోయిన వూ రాజ్యం పేరది. ప్రాచీన ఉచ్చారణలో మొదట ఙకారం, తర్వాత అచ్చు ఉండేవి. వియత్నామీస్ రెంటినీ నిలుపుకుంది: 938లో బాక్ డాంగ్ నదిపై చైనా నౌకాదళాన్ని ఓడించిన ఙో క్వియెన్‌ది ఇదే ఇంటిపేరు. కొరియన్ ఙకారాన్ని వదిలేసి ‘ఓ’ అంటుంది; నటి సాండ్రా ఓ ఇంటిపేరు అదే. ఆగ్నేయ చైనా భాష హొక్కియెన్‌లో ‘గో’ అయింది. సింగపూర్ మాజీ ప్రధాని గో చోక్ తోంగ్‌ది ఆ రూపం. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ మాత్రం అచ్చును పోగొట్టుకుని ఙకారాన్నే ఉంచుకుంది.

కాంటనీస్‌లోనే, వేరే చైనీస్ అక్షరంతో రాసే మరో ‘ఙ్’ ఉంది. మొదటిది దిగే స్వరంతో (గొంతు శ్రుతితో), ఇది ఎక్కే స్వరంతో పలుకుతారు. రోమన్ లిపిలో స్వరం రాయరు కాబట్టి రెండూ కలిసిపోతాయి.

మూడోది హొక్కియెన్, దానికి దగ్గరి భాష తియోచ్యూ మాట్లాడే వారిది. మాండరిన్‌లో అది హువాంగ్, కాంటనీస్‌లో వాంగ్. ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ ఇంటిపేరును ఆయన పుట్టిన తైవాన్‌లోని హొక్కియెన్‌లో పలికితే ‘ఙ్’ అవుతుంది. అయినా ఆండ్రూ వంశానికీ దానికీ సంబంధం లేదు. సింగపూర్ ప్రధాని లారెన్స్ వాంగ్‌ది మాత్రం జెన్సెన్ ఇంటిపేరే. అలాగని ప్రతి ‘వాంగ్’నూ ఇందులో చేర్చకూడదు. దర్శకుడు వాంగ్ కార్-వాయ్‌ది ‘రాజు’ అనే అర్థమున్న వేరే అక్షరం.

హాంకాంగ్, సింగపూర్, మలయాల్లో బ్రిటిష్ పాలనలో గుమాస్తాలు తమ చెవికి వినబడినట్టే పేర్లు నమోదు చేశారు. మాండరిన్‌ను రోమన్ లిపిలో రాసే పిన్యిన్ పద్ధతిని చైనా 1958లో తెచ్చినా, అప్పటికే బయట స్థిరపడిన కుటుంబాల స్పెల్లింగ్ మారలేదు.

పేర్ల డేటాబేస్‌లు కట్టే మన ఇంజినీర్లకు ఇది నిత్యం తగిలే సమస్య. ఇంటిపేరుకు కనీసం మూడు అక్షరాలుండాలని, లేదా అచ్చు ఉండాలని షరతు పెడితే ఈ కుటుంబాలన్నీ ఫారం దగ్గరే ఆగిపోతాయి. వియత్నామీలు ఙుయెన్ అనే తమ ఇంటిపేరును కుదించి ఇవే రెండు అక్షరాలు, పక్కన చుక్క పెట్టి రాస్తారు. చుక్కలు తీసేసే ప్రోగ్రామ్ దాన్నీ ఇందులో కలిపేస్తుంది. చైనీస్ అక్షరానికి ప్రత్యేక గడి ఇవ్వాలి. అది ఖాళీగా ఉన్నప్పుడు, స్పెల్లింగ్ ఒకటే అయినంత మాత్రాన ఇద్దరిని బంధువులుగా జతచేయకూడదు.