యాభై నాలుగు శాతం మోక్షం

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. వాటిలో 29 జట్లు ఏదో ఒక సంవత్సరం వరల్డ్ సిరీస్ అనే తుది పోరులో కాలుపెట్టి, గెలిచో ఓడో, తమ వ్రతాన్ని భంగం చేసుకున్నవే. 1977లో పుట్టిన సియాటిల్ మెరైనర్స్ ఒక్కటే నేటివరకు ఆ గడప తొక్కకుండా నిష్ఠగా నిలిచింది. దీనిని వైఫల్యమని పిలిచే తొందరపాటు మనుషులు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాతెల్, సమామిష్ ప్రాంతాలలో ఇళ్ళు కొనుక్కుని, క్రికెట్ దొరకని వేళల్లో కాలక్షేపానికని బేస్‌బాల్ పెట్టుకుని, ఇక బయటపడలేకపోయిన మన తెలుగువాళ్ళు కూడా వారిలో కొందరున్నారు. 2025 సీజన్‌లో జట్టు తమను నట్టేట ముంచిందని వారి అభియోగం. జట్టు వారికి చేసినది ఉపకారమని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపకారమన్న మాట నా కల్పన కాదు. 2023లో మెరైనర్స్ 88 ఆటలు గెలిచి, ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్‌ను, అంటే వరల్డ్ సిరీస్‌కు దారితీసే నాకౌట్ దశను, పోగొట్టుకున్న తరువాత, బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు జెర్రీ డిపోటో విలేకరుల ముందుకు వచ్చి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఈ ఏడే కప్పు కొట్టాలని ఎగబడే జట్లు ఆ తరువాత ఏళ్ళ తరబడి బురదలో పడి లేవలేవనీ, పదేళ్ళపాటు నిలకడగా 54 శాతం ఆటలు గెలుస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ సిరీస్ దానంతట అదే తటస్థపడుతుందనీ, అంతవరకు ఓపిక పట్టమని అడగడం ద్వారా తాము అభిమానులకు మేలే చేస్తున్నామనీ దాని సారాంశం. ఊరు ఊరంతా భగ్గుమంది. కర్మ చేయడమే నీ వంతు, ఫలం మాట ఎత్తకు అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగిన తెలుగువాడు మాత్రం భగ్గుమనవలసిన అవసరం లేదు. ఆ బోధలో శాతం చెప్పలేదు, ఇక్కడ చెప్పారు, తేడా అంతే.

మనవాళ్ళకు మింగుడుపడనిది సిద్ధాంతం కాదు, ఆ అంకె. మన దగ్గర 54 శాతమంటే సెకండ్ క్లాస్. చుట్టాలు అడిగితే "పాసయ్యాడు లెండి" అని మాట మార్చి, కాఫీ తీసుకురావడానికి లోపలికి వెళ్ళిపోయే మార్కులవి. అటువంటి మార్కులను లక్ష్యంగా పెట్టుకుని, ఆ సంగతి పత్రికలవారికి చాటి చెప్పే యాజమాన్యాన్ని ఎంసెట్ కోచింగ్‌లో పెరిగిన మనిషి జీర్ణించుకోలేడు. కానీ లెక్క చూడండి. 2001లో ఇదే మెరైనర్స్ 162 ఆటల్లో 116 గెలిచింది. 71.6 శాతం, అంటే ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్. 1906లో షికాగో కబ్స్ నెలకొల్పిన రికార్డును సమం చేసిన ఆ మహావైభవం ఏమైంది? వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టయిన అమెరికన్ లీగ్ తుది సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ 4-1తో ఇంటికి పంపింది. ఆ డిస్టింక్షన్ తెచ్చిన అలసట ఎంతటిదంటే, ఆపైన 2022 దాకా జట్టు ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. అదే 2025 సంగతి తీసుకోండి. 30 జట్లలో అందరికన్నా ఎక్కువగా 97 ఆటలు గెలిచిన మిల్వాకీ శాతం 59.88. రీవాల్యుయేషన్ పెట్టించినా ఫస్ట్ క్లాస్ రాదు. వరల్డ్ సిరీస్ గెలిచిన లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 93 ఆటలతో 57.4, ఓడిన టొరాంటో బ్లూ జేస్ 94తో 58. మన మెరైనర్స్ 90తో 55.6. దేశం మొత్తం మీద ఒక్కడూ ఫస్ట్ క్లాస్ తెచ్చుకోని సంవత్సరమది. జగజ్జేతకూ మనకూ మధ్య ఉన్నది మూడంటే మూడు ఆటలు. డిపోటోగారు లెక్కల మాస్టారుగా తప్పేమీ చెప్పలేదు. తల్లిదండ్రుల మనసే తెలుసుకోలేదు.

ఓపిక ఉపన్యాసంతో రాదు కాబట్టి, సిద్ధాంతం ప్రకటించిన మరుసటి ఏడే యాజమాన్యం దానికి తగిన శిక్షణ కూడా ఇప్పించింది. 2024 జూన్ 18 నాటికి మెరైనర్స్ తమ డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తమ అయిదు జట్ల గుంపులో, పది ఆటల ఆధిక్యంతో ఉన్నారు. దాదాపు నెల రోజుల్లో ఆ పదీ హారతి కర్పూరమయ్యాయి. ఆగస్టులో మేనేజర్ (అంటే ప్రధాన కోచ్) స్కాట్ సర్వైస్‌ను తప్పించి, ఒకప్పుడు అదే జట్టుకు క్యాచర్‌గా ఆడిన డాన్ విల్సన్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. చివరికి 85 విజయాలు. మళ్ళీ ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ తప్పాయి. ఇంత క్రమశిక్షణతో, ఇంత కచ్చితంగా, రెండేళ్ళు వరుసగా ఒకే ఒక్క ఆట దూరంలో ఆగడం మామూలు జట్లకు చేతకాదు.

బేస్‌బాల్ అలవాటు లేని పాఠకులకు ఇక్కడ ఒక వివరణ అవసరం. 162 ఆటలంటే మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా ఇంచుమించు ప్రతిరోజూ ఆటే. పండగా లేదు, పబ్బమూ లేదు. జట్టు తూర్పు తీరానికి వెళితే సియాటిల్‌లో సాయంత్రం నాలుగు గంటలకు, అంటే ఆఫీసులో సరిగ్గా మేనేజరు ఎదురుగా కూర్చున్న వేళకు ఆట మొదలవుతుంది. సొంత మైదానంలో అయితే ఆరూ నలభైకి మొదలై, రాత్రి తొమ్మిదిన్నరకు ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పడుతుంది. సియాటిల్‌లో రాత్రి తొమ్మిదిన్నర అయితే హైదరాబాద్‌లో మరునాటి ఉదయం పది; గచ్చిబౌలి టీముతో రోజువారీ కాల్ పెట్టుకునే సమయమదే. నేనెరిగిన ఒక పెద్దమనిషి ల్యాప్‌టాప్‌లో కాల్‌నూ, కీబోర్డు మీద ఆనించిన ఫోనులో ఆటనూ ఏకకాలంలో నడిపే విద్యలో ఆరితేరాడు. ఒక రాత్రి మూడు బేసులూ నిండి ఉండగా ఎదుటివాడు బంతిని గోడకేసి కొట్టినప్పుడు, మ్యూట్ చేశాననుకున్న మైకులోనుంచి "కొంప మునిగింది!" అన్న కేక ఎనిమిది వేల మైళ్ళ దూరం వెళ్ళింది. "అన్నా, ప్రొడక్షన్ డౌనా?" అని అవతలి కుర్రవాడు వణికిపోతూ అడిగాడు. "అంతకన్నా పెద్దదిరా" అన్నాడు ఈయన. పాపం, ఆ కుర్రవాడు సర్వర్లన్నీ తిరగేసి చూసుకున్నాడట.

అటువంటి ఆరు నెలల తపస్సులో 2025 ఎలా గడిచిందో వివరంగా చెబితే పత్రిక చాలదు. ఆగస్టు మొదట్లో వరుస విజయాలతో ఊరించి, నెల మధ్యలో తూర్పు తీరానికి వెళ్ళి, తొమ్మిది ఆటల్లో ఏడు ఓడి, చివరగా ఫిలడెల్ఫియాలో మూడుకు మూడూ సమర్పించుకుని వచ్చారు. సెప్టెంబరు మొదటి వారానికి అభిమానులు ఆశ వదులుకునే స్థితికి చేరారు. సరిగ్గా అప్పుడే ఒక అభిమాని, జట్టు బాగుపడాలని ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో ఒక మంత్రగత్తెకు డబ్బు కట్టి మంత్రం వేయించానని లోకానికి ప్రకటించాడు. ఆ వెంటనే మెరైనర్స్ వరుసగా పది ఆటలు గెలిచింది. ఆపైన హ్యూస్టన్ వెళ్ళి, ఏళ్ళుగా తమ నెత్తినెక్కి కూర్చున్న ఆస్ట్రోస్‌ను వాళ్ళ సొంత మైదానంలోనే మూడుకు మూడూ ఓడించి, 2001 తరువాత మొదటిసారి డివిజన్ గెలుచుకుంది.

మన ఇంజనీర్లు దీనికి నవ్వారు. వీరి నవ్వును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. బాతెల్ గుడి ముందు కొత్త టెస్లా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించినవారికి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టడం కుదరక హెచ్.ఓ.ఏ. (కాలనీ ఇళ్ళవారి సంఘం) నిబంధనలలో దారి వెతికినవారికి, పిల్లకు దిష్టి తగిలిందని వీడియో కాల్‌లో అమ్మమ్మ చేత ఉప్పు తిప్పించినవారికి మంత్రగత్తెను చూసి నవ్వే హక్కు లేదు. ఆ అభిమాని చేసిన పని వీరి పరిభాషలో అవుట్‌సోర్సింగే. పైగా ఆ జట్టుకు దోషాలు కూడా సామాన్యమైనవి కావు. మొదటి పదేళ్ళు వారి చిహ్నం త్రిశూలాన్ని తలకిందులు చేసి మలచిన ఎం అక్షరం. తలకిందులైన త్రిశూలం అశుభమని అక్కడి అభిమానులలోనే ఒక గట్టి నమ్మకం ఉంది. వాస్తు సిద్ధాంతిని అప్పుడే పిలిపించి ఉంటే ఇంత ఖర్చు ఉండేది కాదు.

హేతువాదులు మాత్రం ఈ ఘనత మంత్రానిది కాదు, క్యాచర్ క్యాల్ రాలీది అంటారు. వారి వాదనలోనూ కొంత పస ఉందని ఒప్పుకోవాలి. వికెట్‌కీపర్ లాంటి ఆ చాకిరీ చేస్తూనే ఆయన ఆ సీజన్‌లో, మన సిక్సర్లలాంటి, 60 హోమ్ రన్లు కొట్టాడు. అంతకుముందు క్యాచర్లలో రికార్డు సాల్వడార్ పెరెజ్ పేరిట ఉన్న 48. రెండు చేతులవాటంతోనూ ఆడేవారిలో 1961 నుంచి మిక్కీ మాంటిల్ పేరిట చెక్కుచెదరకుండా ఉన్నది 54. మెరైనర్స్ జట్టు రికార్డు కెన్ గ్రిఫీ జూనియర్ పేరిట ఉన్న 56. మూడూ పోయాయి. అరవయ్యవది కొట్టిన సెప్టెంబరు 24 రాత్రే డివిజన్ కూడా ఖాయమైంది. జట్టు మొత్తం మీద అరవై మార్కులు తెచ్చుకున్నవాడు ఆయనొక్కడే. దాని ఫలితం ఏమిటి? అత్యుత్తమ ఆటగాడి పురస్కారం న్యూయార్క్‌లోని ఆరన్ జడ్జ్‌కు వెళ్ళింది. ఫస్ట్ క్లాస్ వల్ల ప్రయోజనం లేదన్న సిద్ధాంతానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ప్లేఆఫ్స్‌లో జరిగిన వింత మరొకటి ఉంది. అక్కడి టీ-మొబైల్ పార్కులో ఆట మధ్య విరామంలో నలుగురు మనుషులు సాల్మన్ చేపల వేషాలు వేసుకుని పరుగు పందెం పెట్టుకుంటారు. వాటిలో హంపీ అనే చేప అంతవరకు ఒక్కసారి కూడా గెలిచి ఎరుగదు. కారం, నిమ్మరసం పట్టించి వేయించిన మిడతలను ఇదే మైదానంలో 2017 నుంచి అమ్ముతున్నారు. జట్టు పాత దిగ్గజం ఎడ్గార్ మార్టినెజ్ బ్యాటింగ్ సగటు .312 గౌరవార్థం ఆటకు 312 పొట్లాలకు మించి అమ్మరు. కాబట్టి అక్కడ దేనికీ ఆశ్చర్యపోకూడదు గాని, అక్టోబరు 10న డెట్రాయిట్ టైగర్స్‌తో చావో రేవో తేల్చుకునే అయిదో ఆటలో, హంపీ గెలిచింది. ఆ ఆట 15 ఇన్నింగ్స్, దాదాపు అయిదు గంటలు సాగి, హోర్హే పొలాంకో కొట్టిన దెబ్బతో 3-2గా మెరైనర్స్ వశమైంది. పొలాంకోకూ చేపకూ ఘనత ఏ పాళ్ళలో పంచాలన్నది ఇప్పటికీ తేలలేదు.

ఆ తరువాత అమెరికన్ లీగ్ తుది సిరీస్‌లో టొరాంటో. అక్కడికి వెళ్ళి మొదటి రెండు ఆటలూ గెలవగానే మనవాళ్ళు వరల్డ్ సిరీస్ టికెట్ల ధరలు చూడటం మొదలుపెట్టారు. సొంత ఊరికి వచ్చి 13-4తోను, 8-2తోను రెండు ఓడారు. అయిదో ఆటలో యుహేనియో సువారెజ్ నాలుగు పరుగుల హోమ్ రన్ కొట్టి మళ్ళీ ప్రాణం పోశాడు. ఆరోది పోయింది. అక్టోబరు 20న ఏడో ఆట, ఏడో ఇన్నింగ్స్, 3-1 ఆధిక్యం. చరిత్రకు ఎనిమిది ఔట్ల దూరం. ప్రత్యర్థులు ఇద్దరు బేసుల మీద ఉండగా డాన్ విల్సన్ తన అత్యుత్తమ పిచర్ ఆంద్రేస్ మున్యోజ్‌ను అట్టేపెట్టి, ఎడ్వర్డ్ బజార్డోకు బంతి ఇచ్చాడు. జార్జ్ స్ప్రింగర్ దానిని స్టాండ్స్‌లోకి పంపాడు. 4-3. ఆ రాత్రి నుంచి రెడ్‌మండ్, బెల్‌వ్యూలున్న ఈస్ట్‌సైడ్‌లో ఏ పుట్టినరోజు విందుకు వెళ్ళినా బిర్యానీ పళ్ళెం పట్టుకున్న ప్రతివాడూ మున్యోజ్‌ను ఎప్పుడు దింపాలో చెబుతున్నాడు. వీరిలో కొందరికి ఆగస్టులో మున్యోజ్ ఎవరో కూడా తెలియదు.

వారు గ్రహించనిది ఒకటి ఉంది. అభిమాని బాధ, మిగిలి ఉన్న ఔట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. మనలను ఓడించి ముందుకు వెళ్ళిన టొరాంటో పరిస్థితి చూడండి. నవంబరు 1న, సొంత జనం నడుమ, వరల్డ్ సిరీస్ ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కప్పుకు రెండే రెండు ఔట్ల దూరంలో ఉండగా మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో అంతా అయిపోయింది. రెండు ఔట్ల దూరంలో పడవలసిన ఆ దెబ్బను మనకు ఎనిమిది ఔట్ల దూరంలోనే, నాలుగో వంతు తీవ్రతతో, పన్నెండు రోజుల ముందుగానే, దీపావళి నాడే ఇచ్చి వదిలిపెట్టారు. ఇది ఉపకారం కాకపోతే మరేమిటో విమర్శకులు చెప్పాలి.

అయితే ఆ తరువాతి పరిణామం ఒకటి ఆందోళన కలిగిస్తున్నది. సీజన్ ముగిసి నెలైనా కాకముందే యాజమాన్యం మొదటి బేస్ ఆటగాడు జాష్ నేలర్‌తో తొమ్మిది కోట్ల డాలర్లకు పైబడిన అయిదేళ్ళ ఒప్పందం కుదుర్చుకుంది. 54 శాతానికి అంత ఖర్చు అవసరం లేదు. ప్రకటించిన సిద్ధాంతాన్ని అభిమానులతో మాటమాత్రమైనా సంప్రదించకుండా విడిచిపెట్టి, గెలిచే ఉద్దేశంతో జట్టును నడపదలచుకుంటే, యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్న ఈ వ్రతానికి ఎవరు జవాబుదారీ వహిస్తారో యాజమాన్యం తక్షణమే వివరణ ఇవ్వాలి.