స్టాప్‌వాచీ ఉండగా ఆలోచన దేనికి?

లెక్కల్లో మేధావి పిల్లలెవరో తేల్చడానికి పెద్దలు పడే పాట్లు చూస్తే జాలేస్తుంది. స్టాప్‌వాచీ చాలదూ? ఏడెనిమిదులు ఎంత అనగానే 56 అన్నవాడు మేధావి. "ఏడేళ్లు నలభైతొమ్మిది, దానికి ఇంకో ఏడు..." అని కూడుకుంటూ కూర్చున్నవాడు మొద్దు. ఇందులో తర్కానికి చోటెక్కడ?

ఈ న్యాయం ముందు పెద్దవాళ్ల నుంచే అమలు కావాలి. 1966లో గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం పొందిన గ్రోతెండీక్, ఏదైనా ఒక ప్రధాన సంఖ్య చెప్పమంటే 57 అన్నాడని గణితజ్ఞులు నవ్వుతూ చెప్పుకుంటారు. 57 అంటే మూడు పంతొమ్మిదులు. ఆ పతకం తక్షణం వెనక్కి తీసుకుని జకారియాస్ డాసెకు ఇవ్వాలి. 1844లో 'పై' విలువను 200 స్థానాల దాకా మనసులోనే కట్టినవాడు. యూక్లిడ్ జ్యామితి ఎంత చెప్పినా తలకెక్కలేదంటారు, అయితే ఏం? మహా గణితజ్ఞుడు గౌస్ మాత్రం అతన్ని 70 లక్షల నుంచి కోటి దాకా సంఖ్యలకు కారణాంకాల పట్టికలు తయారు చెయ్యమన్నాడు. ఎవరి బలం ఎందులో ఉందో చూసి పని అప్పజెప్పడమా! అంతటివాడి నుంచి ఇది ఊహించలేదు.

అసలు చేటంతా పిల్లల్ని అదనపు ప్రశ్నలు అడిగేవాళ్ల వల్లే. 3/4ను 1/8తో భాగించమనండి. మన చురుకు పిల్లాడు రెండోదాన్ని తిరగేసి గుణించి 6 అంటాడు. అక్కడితో వదిలెయ్యాలి కదా! "దీనికి తగ్గ లెక్క ఒకటి మాటల్లో చెప్పు" అంటారు. "ముప్పావు లీటరు నీళ్లు 8 మందికి పంచితే" అంటాడు వాడు. అది 8తో భాగించడం, వచ్చేది 3/32. ఈలోగా పక్కన నెమ్మదిగా ఉండే పిల్ల ఒక గీత గీసి, 8 సమాన ముక్కలు చేసి, ముప్పావులో అలాంటివి 6 ఉన్నాయని చూపిస్తుంది. తర్వాతి లెక్కలో అదే పిల్ల ఆరెనిమిదులు 46 అని రాస్తుంది. మనకు కావలసింది ఆ 46. ఎర్ర సిరాతో చుట్టండి.

శిక్షగా 100 గుణకారాలివ్వండి. తప్పెక్కడ జరిగిందో మాత్రం వెతక్కండి. వెతికితే పద్ధతి సరైనదేననీ, అంకె ఎత్తిరాయడంలోనో వరస జారడంలోనో పోయిందనీ తేలే ప్రమాదముంది. అప్పుడు గళ్ల కాగితమివ్వాలి, వరసకొక మెట్టే రాయమనాలి, జవాబు సుమారుగా ఎంతుండాలో ముందే అడగాలి. 48ని 21తో గుణిస్తే యాభై ఇరవైల దగ్గర, అంటే వెయ్యి చిల్లర రావాలి. 144 వచ్చిందంటే 96ను ఒక స్థానం ఎడమకు జరపడం మరిచానని తనే పట్టేస్తుంది. అలా పట్టేస్తే మన ఎర్ర సిరాకు పనేముంటుంది?

వేగం పిల్లాడి జోలికైతే అసలే వెళ్లొద్దు. 1/2కు 1/3 కలిపితే 2/5 అని మూడు సెకన్లలో తేల్చాడు. కలపక ముందున్న సగం కన్నా కలిపాక తక్కువైంది, నిజమే, కానీ ఎంత వేగం! బీజగణితం మొదలయ్యాక ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌ను ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని ఒక్క సెకనులో రాసేస్తాడు. 3, 4 పెట్టి చూడమనకండి. ఒకవైపు 49, ఇంకోవైపు 25 వచ్చి, పిల్లాడు పెన్సిల్ కింద పెట్టి ఆలోచనలో పడతాడు. టైము పోతుంది.