ముడిసరుకు పాత గోడ

యాంటెన్నా నెత్తిమీద, ఫోను చేతిలో. రెంటికీ మధ్య నాలుగు మీటర్లు కూడా లేవు. తెరమీద మాత్రం "అత్యవసర కాల్స్ మాత్రమే". ఎదురుగా పెద్దసారు, ఆయన వెనక ఆయన పిలుచుకొచ్చిన నలుగురు. సొంత 5జీ డెమో. రేడియో బిగించడం, సిమ్‌లు వేయడం, ఆపరేటరు కోర్‌లో (నెట్‌వర్కును నడిపే కేంద్ర వ్యవస్థలో) ఫోన్ల వివరాలు ఎక్కించడం ముందే అయిపోయాయి. వాటిలో నవ్వుకోవడానికేమీ లేదు.

ఈ రకం ప్రైవేటు సెల్ (ఒక యాంటెన్నా పరిధి) ఆపరేటరు కోడ్ మీదే నడుస్తుంది. తనదంటూ చాటుకునేది క్యాగ్ (క్లోజ్డ్ యాక్సెస్ గ్రూప్, అంటే అనుమతి ఉన్న ఫోన్లకే తెరుచుకునే గుంపు) నంబరు ఒక్కటే. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ 2020లో ఖరారు చేసిన రిలీజ్ 16తో వచ్చిన ఏర్పాటు ఇది. నంబరు 32 బిట్లు, అంటే ఎనిమిది హెక్సా అంకెలు (పదహార్ల లెక్క: 0 నుంచి 9, ఆపైన పదికి ఎ, అలా ఎఫ్ దాకా). తాను అడుగుపెట్టదగ్గ క్యాగ్‌ల జాబితా ఫోను దగ్గర ఉంటుంది. నంబరు కలిస్తే లోపలికి వెళ్తుంది, కలవకపోతే సిగ్నలు ఎంత బలంగా ఉన్నా తల తిప్పుకుంటుంది. పిలవని పేరంటానికి పోని మర్యాద దానిది. జాబితాతో పాటు కోర్ ఇంకో ఆజ్ఞ కూడా పంపగలదు: 5జీలో క్యాగ్ సెల్‌లు తప్ప ఇంకో గడప తొక్కొద్దని. డెమో మధ్యలో ఫోను బయటి టవరు వైపు జారిపోకూడదని ఆ ఆజ్ఞ పెట్టింది మనమే. ఆ ఆజ్ఞ 4జీకి వర్తించదు కనుక, తెలివి కాస్త ఎక్కువై, ఫోన్లో 4జీ ఆపేసిందీ మనమే.

ఇక నంబరు. చేతికిచ్చిన కాగితం మీద "క్యాగ్: 10" అని ఉంది. రేడియో తెర హెక్సాలో తీసుకుంటుంది. 10 కొడితే చివర 10 అనే పడింది, అంటే దశాంశంలో 16. కోర్ తెర దశాంశంలో తీసుకుంటుంది. అక్కడ అదే 10 కొడితే చివర 0ఎ అయింది. రెండు తెరలూ ఒకే కంపెనీవి. రంగు ఒకటే, గడి పేరు కూడా ఒకటే. గడి పక్కన "హెక్సా" అని ఒక్క ముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోయేదో!

పొద్దున బయటి టవరు మీద ఉండగా ఫోనుకు ఈ జాబితా, ఈ ఆజ్ఞ కలిసి అందాయి. బుద్ధిగా టవరు వదిలేసి, ఆ ఆవరణలో ఎక్కడా లేని 0ఎ కోసం వెతుక్కోవడం మొదలుపెట్టింది. తప్పు పట్టుకుని కోర్‌లో 10 తీసి 16 వేశాక అసలు అందం బయటపడింది. దిద్దిన జాబితా ఫోనుకు చేరాలంటే అది ఎక్కడో ఒకచోట రిజిస్టరవ్వాలి. రిజిస్టరవ్వాలంటే దిద్దిన జాబితా చేతిలో ఉండాలి.

సపోర్టుకు ఫోను చేస్తే "రీస్టార్టు చేశారా?" ఈ జాబితా సిమ్ గుర్తింపుతో ముడిపడి ఫోను శాశ్వత మెమరీలో ఉంటుంది. ఆపి వేసినా పోదు, అదే సిమ్ తీసి పెట్టినా పోదు. ఈ సంగతి వాళ్ళకు చెబితే కాసేపు ఆలోచించి, "అయితే ఇంకోసారి రీస్టార్టు చేసి చూడండి" అన్నారు.

మిగిలిన దారి చేత్తో ఎంచుకోవడం. సిమ్ సెట్టింగుల్లో ఆటోమేటిక్ ఎంపిక ఆపితే ఫోను చుట్టూ ఉన్నవన్నీ వెతికి చూపిస్తుంది. జాబితాలో లేని క్యాగ్ కూడా కనబడాలంటే, చేత్తో ఎంచుకోనిచ్చే టిక్కు రేడియో వైపు పెట్టి ఉండాలి. అదృష్టం, అదొక్కటి పెట్టాం. అలా ఎంచుకున్నప్పుడు మనుషులు చదువుకోవడానికి సెల్ తన పేరు కూడా పంపవచ్చు; అది సెల్ ప్రసారం చేసే సమాచారంలో సిబ్ 10 అనే భాగంలో వెళ్తుంది. పేరు తెలుగులో ఉండాలని ముచ్చటపడి, పాత గోడౌన్లోని సెల్ కనుక "ముడిసరుకు పాత గోడౌను నెట్‌వర్కు" అని పెట్టాం. ఫోను తెరను గోడమీది పెద్ద తెరకు కలిపిందీ మనమే.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ పేరు గడి కింద "గరిష్ఠం 48 అక్షరాలు" అని రాసి ఉంది. అబద్ధం. 48 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో హల్లుకు మూడు, దాని గుణింతానికి ఇంకో మూడు. "గో" అనడానికే ఆరు. వేసుకోండి లెక్క: "ముడిసరుకు" 27, "పాత" 9, రెండు ఖాళీలకు 2, "గోడ" 9. మొత్తం 47. తర్వాతిది ఔత్వం, దానికి మూడు బైట్లు కావాలి, చోటు ఒక్కదానికే ఉంది. ఆ సాఫ్ట్‌వేరు కనీసం వెనక్కి తగ్గిందా? ఔత్వాన్ని మూడు ముక్కలు చేసి ఒక ముక్క లోపలికి తోసి, రెండు బయట పారేసింది. ముక్కను చదవలేక ఫోను దాని స్థానంలో డైమండు గడిలో ప్రశ్నార్థకం వేసింది.

రెండు నిమిషాల వెతుకులాట తర్వాత పెద్ద తెర మీద, అందరి ముందూ, ఒకే ఒక్క వరుస వెలిగింది: "ముడిసరుకు పాత గోడ", పక్కన ప్రశ్నార్థకం.

పెద్దసారు పైకే చదివారు. "పాత గోడా?"

వెంట వచ్చిన నలుగురిలో ఒకాయన వెళ్ళి నిజంగానే గోడను తట్టి చూశారు. "యాంటెన్నా ఇందులో పూడ్చారా?"

"లేదండీ, ఔత్వం పట్టలేదు."

ఈ జవాబు అర్థమైనట్టు ఎవరి ముఖంలోనూ కనబడలేదు. ఇంకొకాయన "ప్రశ్నార్థకం ఎందుకు, అనుమానమా?" అని అడిగారు. ఆ వరుస నొక్కాం. కొన్ని సెకన్లలో రిజిస్టరైంది, 16 ఉన్న కొత్త జాబితా దిగింది, 5జీ గుర్తు వచ్చింది. ఎంపికను మళ్ళీ ఆటోమేటిక్‌కు తిప్పాం.

"బాగుంది. మిగతా ఫోన్లూ చూపించండి," అన్నారు పెద్దసారు.

మిగతావి పదకొండు. పొద్దున అన్నిటికీ ఆ 0ఎ జాబితాయే వెళ్ళింది. ఒక్కోదాన్నీ తీసి, రెండేసి నిమిషాలు ఆగి, ఆయన చూస్తుండగానే పాత గోడకు తగిలించాలి.